తిరుపతి ఎండలకు మరువం చచ్చిపోకుండా కొమ్మలతో ఎలా నిలుపుకోవాలి?

మే నెలలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మేడ మీద కుండీలో ఒకే ఒక్క మరువం మొక్క ఉంటే టెన్షనే. అందుకే జనవరి, ఫిబ్రవరిలోనే కొమ్మలు నాటి రెండు మూడు పిల్ల మొక్కలు చేసుకోండి.

పూత లేని లేత కొమ్మ కావాలి. ముదిరి కర్రబారినది వేళ్లు వేయడానికి మొండికేస్తుంది. పొద్దున్నే మూడు నాలుగు అంగుళాల ముక్కను కణుపు కిందగా పదునైన బ్లేడుతో కోయండి. వేళ్లు ఎక్కువగా కణుపు దగ్గరే వస్తాయి. కింది సగం ఆకులు తీసేయండి. వేళ్లు లేని కొమ్మ నీళ్లు పెద్దగా తాగలేదు, ఆకులు మాత్రం తేమ వదులుతూనే ఉంటాయి.

కొబ్బరి పొట్టు, ఇసుక సమంగా కలిపి, అడుగున చిల్లులున్న కప్పులో గుచ్చండి. ఎరువు అప్పుడే వద్దు. పైన సగం కోసిన వాటర్ బాటిల్ బోర్లించి, మూత తీసి, వెలుతురున్న నీడలో పెట్టండి. చాలామంది పాడుచేసేది నీళ్లు ఎక్కువ పోసే. తడి ఆరకుండా ఉంటే చాలు, బురదైతే కాడ కుళ్లిపోతుంది.

మూడు నాలుగు వారాలకు కొత్త చిగురు కనిపిస్తే మెల్లగా లాగి చూడండి. రాకపోతే వేరు పట్టినట్టే. వారం పాటు కొద్దికొద్దిగా పొద్దుటి ఎండ అలవాటు చేసి కుండీలోకి మార్చండి.