యుద్ధం జరుగుతున్నప్పుడు సైన్యం మీడియాతో మాట్లాడటం నిజంగా అవసరమా?

"సైన్యం పని యుద్ధం చేయడం. ఈ ప్రెస్ మీట్లు, ట్వీట్లు, వీడియోలు ఎందుకు? మాట్లాడకుండా తన పని తాను చేసుకుంటే పోదా?" అని అడిగారు.

నేను ఆర్మీ సిగ్నల్స్‌లో 22 ఏళ్ళు చేసి హవల్దారుగా రిటైరయ్యాను. మాది పశ్చిమ గోదావరి జిల్లా, మిలటరీ మాధవరానికి దగ్గర్లో ఒక పల్లె. మా అబ్బాయి ఇప్పుడు సర్వీసులో ఉన్నాడు. నా జవాబు ఒక్కటే: అవసరం. రేషను, మందుగుండు ఎంత అవసరమో అంత అవసరం.

2025 మే 8 రాత్రి సంగతి చెబుతాను. మావాడికి అప్పుడు జమ్మూ కశ్మీర్‌లో, రాజౌరీ వైపు పోస్టింగ్. 7వ తేదీ తెల్లవారుజామున పాకిస్తాన్ వైపు టెర్రరిస్టు స్థావరాల మీద ఆపరేషన్ సిందూర్ మొదలైన దగ్గర్నుంచి వాడి ఫోను కలవడం లేదు. ఫోన్లు ఎందుకు కట్టేస్తారో సిగ్నల్స్‌లో చేసినవాడిగా నాకు తెలుసు. మా ఆవిడకి అదే చెప్పాను, నమ్మింది. ఆ రోజే ఆవకాయకి కాయలు కొట్టించి తెచ్చాం. ఆవిడ హాల్లో కూర్చుని ముక్కలు గుడ్డతో తుడుస్తోంది, ఎదురుగా టీవీ.

జమ్మూ ఆకాశంలో ఎర్రగా చుక్కలు చూపించారు. కాసేపటికి సైరన్ మోత, దాని కింద స్క్రోలింగ్: రాజౌరీలో ఆర్మీ బ్రిగేడ్ మీద ఆత్మాహుతి దాడి. ఆవిడ చేతిలో గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. పది నిమిషాల్లో పక్కిళ్ళవాళ్ళు వచ్చేశారు. భీమవరం నుంచి మా బావమరిది ఫోను. ఇంకెవరో వాట్సాప్‌లో ఒక పెద్ద పేలుడు వీడియో పంపారు. అది 2020లో లెబనాన్‌లో బేరూత్ ఓడరేవులో జరిగిన పేలుడని తర్వాత తెలిసింది. నేను లేచి టీవీ కట్టేయబోయాను. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఉంచండి, పేర్లు చెబుతారేమో" అంది.

సర్వీసులో ఉండగా కూడా నాకు అంత భయం వెయ్యలేదు.

అర్ధరాత్రి దగ్గర పడుతుండగా హైదరాబాదులో ఉన్న మా మేనల్లుడు ఒక ఫొటో పంపాడు. ఏది నిజమో ఏది పుకారో తేల్చి చెప్పే కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ వాళ్ళు పెట్టింది. ఏ ఆర్మీ కంటోన్మెంటు మీదా అలాంటి ఆత్మాహుతి దాడి జరగలేదని ఇంగ్లీషులో ఉంది. తెలుగులో చదివి వినిపించాను. "ఎవరు చెప్పారండీ?" అంది. గవర్నమెంటు వాళ్ళే అన్నాను. "మళ్ళీ చదవండి" అంది. నాలుగుసార్లు చదివాను. మావాడి ఫోను 10వ తేదీ సాయంత్రం, కాల్పుల విరమణ చెప్పిన తర్వాత వచ్చింది.

ఇప్పుడు మీ ప్రశ్నకి వద్దాం. సైన్యం మాట్లాడకపోతే ఆ జాగా ఖాళీగా ఉండదు. అదే రాత్రి కరాచీ ఓడరేవుని మన నౌకాదళం ధ్వంసం చేసిందని కూడా ఛానెళ్ళు ఊదరగొట్టాయి. అలాంటిదేమీ జరగలేదు. ఆ సైరన్ మోతలు ఆపండని కేంద్రం 10వ తేదీన విడిగా ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది. రేపు నిజంగా సైరన్ మోగితే జనం టీవీ అనుకుని కూర్చుంటారు, అది ఎంత ప్రమాదమో ఆలోచించండి.

మీడియా వల్ల ప్రాణాల మీదికి వస్తుందనడానికి 2008 ముంబయి దాడులు చాలు. టెర్రరిస్టులు దూరిన నారిమన్ హౌస్ మీదికి హెలికాప్టర్ నుంచి కమాండోలు తాళ్ళతో దిగడం దేశమంతా లైవ్‌లో చూసింది. పాకిస్తాన్‌లో కూర్చుని ఫోన్లలో టెర్రరిస్టులను నడిపించినవాళ్ళూ ఆ టీవీలే చూశారు. కసబ్ కేసు తీర్పులో 2012లో సుప్రీంకోర్టు ఛానెళ్ళని గట్టిగా తప్పుపట్టింది. టెర్రరిస్టుల మీద ఆపరేషన్ జరుగుతుంటే లైవ్ కుదరదు, నియమించిన అధికారి ఎప్పటికప్పుడు చెప్పేదే చూపించాలని కేబుల్ టీవీ నిబంధనల్లో ఇప్పుడు రాసి ఉంది. అంటే ఆ అధికారి మాట్లాడి తీరాలి. ఆయన నోరు కట్టుకుని కూర్చుంటే ఆ నిబంధనకి అర్థమే లేదు.

మన సైన్యానికి ఇది చేతగాక కాదు. కార్గిల్ అప్పుడు, 1999లో, సైన్యం తరఫున కల్నల్ బిక్రమ్ సింగ్ రోజూ ఢిల్లీలో బ్రీఫింగ్ ఇచ్చేవారు. ఆయనే 2012లో ఆర్మీ చీఫ్ అయ్యారు. ఏ కొండ దొరికింది, ఏది ఇంకా వాళ్ళ చేతుల్లో ఉంది, మనవాళ్ళు ఎంతమంది పోయారు, అన్నీ చెప్పేవారు. చొరబడినవాళ్ళు ముజాహిదీన్లు, తమ సైన్యం కాదు అని పాకిస్తాన్ బుకాయిస్తుంటే, పాక్ సైన్యాధిపతి ముషారఫ్ తన జనరల్‌తో ఫోన్లో మాట్లాడిన టేపుల్ని జూన్ 11న మన ప్రభుత్వం బయటపెట్టింది. ఆ దెబ్బ ఫిరంగి దెబ్బకి తక్కువేం కాదు.

లడఖ్‌లో చైనా సైన్యంతో జరిగిన గల్వాన్ ఘర్షణ చూడండి. 2020 జూన్ 16 మధ్యాహ్నం ఒక ఆఫీసరు, ఇద్దరు జవాన్లు పోయారని చెప్పారు. రాత్రికి 20 మంది అని సైన్యమే చెప్పింది. ఆ ఆఫీసరు మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు. చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా చెప్పారు. చైనా ఎనిమిది నెలలు నోరు విప్పలేదు. 2021 ఫిబ్రవరిలో తమవాళ్ళు నలుగురు పోయారంది. ఆ లెక్కని ఇప్పటికీ నమ్మేవాళ్ళు నాకు కనపడలేదు.

మనవాళ్ళు తడబడిన చోట కూడా చెప్పాలి. 2019 ఫిబ్రవరి 27న కశ్మీర్‌లోని బడ్గాంలో మన హెలికాప్టర్ మన క్షిపణికే కూలి ఆరుగురు వాయుసైనికులు పోయారు. పెద్ద తప్పు జరిగిందని వాయుసేనాధిపతి బహిరంగంగా ఒప్పుకున్నది అక్టోబరులో. సిందూర్ అప్పుడు మన విమానాలు కూల్చామని పాకిస్తాన్ మొదటి రోజునుంచే చెప్పుకుంది. మే 11న మనవాళ్ళు యుద్ధమన్నాక నష్టాలుంటాయని మాత్రం అన్నారు. విమానాలు పోయిన మాట మూడు దళాలకీ కలిపి ఉండే సీడీఎస్ జనరల్ అనిల్ చౌహాన్ మే 31న సింగపూర్‌లో చెప్పారు. ఎన్నో చెప్పలేదు. ఆ మూడు వారాలూ విదేశీ పత్రికల్లో నడిచింది వాళ్ళ కథే. ఎన్ని, ఎక్కడ అనేది రహస్యంగా ఉంచండి, తప్పు లేదు. పోయాయి అన్న ముక్క ఢిల్లీ నుంచి మొదటి వారంలోనే వచ్చి ఉంటే, తొమ్మిది టెర్రరిస్టు స్థావరాల మీద కొట్టిన దెబ్బ గురించి మన మాటకి ఇంకా బరువొచ్చేది. ఇందులో నాకు అనుమానమే లేదు.

ఇక స్టూడియోల్లో అరిచే రిటైర్డ్ ఆఫీసర్లు. యూనిఫారంలో ఉండగా ఒక్క మాట తూలని మనుషులు, అక్కడ కూర్చుని మ్యాపు మీద కర్ర పెట్టి మన దళాలు ఎటు కదలాలో చెబుతున్నారు. నాకు చాలా బాధగా ఉంటుంది. అమరుడైన జవాను ఇంటికి మృతదేహం రాకముందే వచ్చి, తల్లి మూతి దగ్గర మైకు పెట్టి "మీకెలా అనిపిస్తోందమ్మా" అని అడిగేవాళ్ళని చూస్తే బాధ కాదు, కోపమే వస్తుంది. శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండా కుర్రాడు మే 9న నియంత్రణ రేఖ దగ్గర పోయాడని విన్నప్పుడు మా ఆవిడ అన్న మొదటి మాట, "వాళ్ళమ్మకి ముందు ఎవరు చెప్పారో" అని.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇక్కడుంది. సిందూర్ బ్రీఫింగుల్లో విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ పక్కన కూర్చుని కల్నల్ సోఫియా ఖురేషీ హిందీలో, వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్ ఇంగ్లీషులో మాట్లాడారు. ఎంతో నిబ్బరంగా మాట్లాడారు, చూసి గర్వపడ్డాను. కానీ మా ఆవిడకి ఆ రెండు భాషలూ రావు. మే 8 రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఆవిడకి తెలుగులో చేరింది ఛానెల్ వాడి మాట ఒక్కటే. జిల్లాల్లో సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి. మాలాంటి మాజీ సైనికులు ఊరికిద్దరు ఉన్నాం. అలాంటి రాత్రుల్లో అక్కడ ఒక ఫోను పెట్టి, ఢిల్లీలో ఖాయం చేసిన మాటని తెలుగులో చెప్పడానికి ఇద్దరిని కూర్చోబెడితే చాలు. జీతం అక్కర్లేదు, నేను వెళ్ళి కూర్చుంటాను. మా జిల్లా ఆఫీసుకి ఈ మాట రాసి ఇచ్చాను. మీలో సైనిక కుటుంబాలవాళ్ళు ఉంటే మీ జిల్లాలో కూడా రాసి ఇవ్వండి.