కర్లీ వ్యాసం పంపిన తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు కర్లీ పోగుల మీద రాసి గుంటూరు నుంచి పంపిన వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివా. బాగా కష్టపడ్డావ్, కానీ మొదటి పేరాలోనే అమిలాయిడ్ (ప్రోటీన్లు ఒకదానికొకటి అతుక్కుని కట్టే గట్టి పోగు) అంటే అల్జీమర్స్ అని భయపెట్టేశావ్, అది నాకు నచ్చలా. ఈ.కొలై బ్యాక్టీరియా ఈ కర్లీ అనే ప్రోటీన్ పోగుల్ని తన ఒంటి మీద కావాలనే కట్టుకుంటుంది, బయోఫిల్మ్‌లో, అంటే గుంపుగా అంటుకుని బతికే పొరలో, ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటానికి. అవి అమిలాయిడేనని 2002లో తేలింది. ముందు అది చెప్పు, జబ్బు గురించి తర్వాత ఒక్క లైను చాలు.

అసలు కథ పోగు కట్టడంలో లేదు, కణం లోపల కట్టకుండా ఆపుకోవడంలో ఉంది. ఈ పోగుకి ముడిసరుకైన సీఎస్‌జీ-ఏ ప్రోటీన్‌ని ఒంటరిగా టెస్ట్‌ట్యూబులో వదిలినా పోగైపోతుంది, అదే పని లోపల జరిగితే కణానికే ముప్పు, అందుకే కణం చుట్టూ ఉన్న రెండు పొరల మధ్య ఉన్నంతసేపూ సీఎస్‌జీ-సీ అనే ఇంకో ప్రోటీన్ దాన్ని పోగు కానివ్వదు. బయటి పొరలో సీఎస్‌జీ-జీ ప్రోటీన్ 9 కాపీలు రింగులా చేరి ఒక రంధ్రం చేస్తాయి, ఇరుకైన చోట ఒక నానోమీటరు కూడా ఉండదు, మడతపడని గొలుసైతేనే దూరుతుంది. దాని ఆకారం 2014లో బయటపడింది.

ఈ రంధ్రాన్ని నువ్వు మా ప్రకాశం బ్యారేజీ గేటుతో పోల్చావ్. చదవడానికి బావుంది గానీ తీసెయ్. బ్యారేజీ దగ్గర నీళ్లని నదివాలే లాగుతుంది, ఇక్కడ రెండు పొరల మధ్య శక్తినిచ్చే ఏటీపీనే లేదు, మరి ప్రోటీన్‌ని బయటికి తోసేదెవరు? ఈ ప్రశ్న దగ్గర ఆగకుండా దాటేశావ్ చూడు, నాకు బాధేసింది. సీఎస్‌జీ-ఈ కూడా 9 కాపీలుగా రంధ్రం కింద మూతలా కూర్చుంటుంది, గొలుసు ఆ చిన్న గదిలో ఇరుక్కుని, కదిలే చోటు ఎక్కువున్న బయటివైపుకి జారుతుంది, ఎంట్రొపీ లెక్క అన్నమాట. ఇది పరిశోధకులు ప్రతిపాదించిన వివరణ, 'నిరూపించారు' అని రాయకు.

బయట పోగు మొదలవడానికి ఆధారంగా నిలిచే సీఎస్‌జీ-బీ చేసే పనికి పెరుగు తోడు అన్నావ్. తోడులో బతికున్న సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఇది పెరగదు. పాకంలో దారం వేలాడదీస్తే పటికబెల్లం దాని మీద కట్టుకుంటూ పోతుందే, అది దగ్గరగా ఉంటుంది. ఆ దారాన్ని కణానికి కట్టి ఉంచేది సీఎస్‌జీ-ఎఫ్, దాని పేరే రాయలేదు నువ్వు.

రంధ్రం బొమ్మ మాత్రం నెట్‌లోంచి తీసుకోకు, పెన్సిల్‌తో నువ్వే గియ్యి, తప్పొచ్చినా పర్లేదు. ఆదివారం బ్రాడీపేట వస్తున్నా, కూర్చుని కలిసి చూద్దాం.

మీ అన్నయ్య,
విజయవాడ