మీరడిగారు: ఆ 68 రోజుల గురించి ఎవరి మాట నిజం?

ప్రశ్న: 2020లో నేను పదో తరగతి. సంక్రాంతి అయ్యాక అమ్మా నాయనా ఎప్పటిలాగే గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి (వలస కూలికి) పోయారు, నేనూ తమ్ముడూ అవ్వ దగ్గర ఉన్నాం. ఉగాదికి వస్తామన్నవాళ్లు లాక్‌డౌన్‌తో అక్కడే చిక్కుకుపోయారు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాను. లాక్‌డౌన్ పెట్టబట్టే దేశం బతికిందని మా లెక్చరర్ అంటారు. ఇంట్లో ఆ మాటంటే అమ్మ లేచి వెళ్లిపోతుంది. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకురాలు, కోసిగి, కర్నూలు జిల్లా

జవాబు: ఇద్దరిదీ నిజమేనమ్మా. మీ లెక్చరర్ చెప్పేది అందరూ చెబుతూనే ఉన్నారు కాబట్టి అది క్లుప్తంగా చెప్పి, మీ అమ్మగారి వైపే ఎక్కువ రాస్తాను.

2020 జనవరి 30న కేరళలో మొదటి కరోనా కేసు తేలింది. అప్పటికి టీకా లేదు, పరీక్షలు చేసే ల్యాబులు తక్కువ, డాక్టర్లకు పీపీఈ కిట్లు కావాలంటే దిగుమతులే దిక్కు. జనం ఇళ్లలో ఉన్న ఆ వారాల్లో ల్యాబులు పెరిగాయి, కిట్లు ఇక్కడే కుట్టడం మొదలైంది. ఆ ఏప్రిల్‌లో రాష్ట్రంలో ఎక్కువ కేసులు మన కర్నూలు జిల్లాలోనే, ఆ టెన్షన్ మీకూ గుర్తుండే ఉంటుంది.

ఇక అమ్మగారి సంగతి. మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో చెప్పారు, 12 గంటల నుంచి అమలు. చేలో పట్టల గుడిసెలో పడుకున్న కూలీకి టీవీ ఎక్కడిది? రైళ్లు అంతకు ముందే ఆగిపోయాయి, తెల్లారితే ఉగాది, దారులన్నీ మూసేశారు. 21 రోజులన్నది పెరిగి పెరిగి మే 31 దాకా 68 రోజులైంది. వలస కూలీల కోసం మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు కదిలింది మే 1న, అంటే ఐదు వారాలు దాటాక!

ఆ ఏప్రిల్‌లో కర్నూలు బయట హైవే పక్కన ఒకామెను చూశాను, నెత్తిన సత్తు గిన్నెల మూట, చంకలో బిడ్డ, మిరపకాయలు కోసి కోసి వేళ్ల కొసలు పొట్టు లేచిపోయి ఉన్నాయి. నీళ్ల సీసా ఇస్తే బిడ్డకు తాగించి, తాను తాగకుండా ముందు ఆ వేళ్ల మీద పోసుకుంది. మీ అమ్మగారు ఎందుకు లేచి వెళ్తారో నాకు అర్థమవుతుంది.

నా మట్టుకు లాక్‌డౌన్ పెట్టడం తప్పు కాదు, నాలుగు గంటల గడువుతో పెట్టడం తప్పు. రెండు రోజులు బస్సులు నడిపి ఇళ్లకు చేర్చి ఉండాల్సింది. అలా పంపితే జబ్బు పల్లెలకు పాకేదని కొందరంటారు, మేలో ఎలాగూ పంపారు కదా, అప్పటికి జబ్బు ఇంకా ఎక్కువైంది కూడా. తిరిగొచ్చాక మనిషికి 5 కిలోల ఉచిత బియ్యం, ఉపాధి పని చాలా ఇళ్లలో పొయ్యి వెలిగించాయి, అది కాదనలేం. 2021 వేసవిలో కేసులు రోజుకు 4 లక్షలు దాటి, ఆక్సిజన్‌ను రైళ్లలో మోయాల్సి వచ్చినప్పుడు కూడా దేశాన్ని మళ్లీ ఒక్కసారిగా మూయలేదు. మన రాష్ట్రంలో మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ పెట్టి, ఉదయం పూట వదిలారు. మీ అమ్మగారిలాంటి వాళ్లు పడ్డ కష్టం చూశాకే ఆ మార్పు వచ్చిందని నేను నమ్ముతాను. మీ లెక్చరర్‌తో ఈ మాట అనండి.

ప్రశ్న: లాక్‌డౌన్‌లో మా చీనీ (బత్తాయి) కాయలు చెట్టు మీదే రాలిపోయాయి. ఆ తర్వాత అనంతపురం నుంచి పండ్ల రైలు నడిచిందిగా, అది ఎప్పుడు?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: 2020 సెప్టెంబరు 9న. దక్షిణాదిలో మొదటి కిసాన్ రైలు అదే, అనంతపురం నుంచి ఢిల్లీలోని ఆదర్శ్ నగర్‌కు. చీనీతో పాటు టమాటా, అరటి కూడా వెళ్లాయి. ఐదు నెలల ముందు, లారీలు దొరకని ఏప్రిల్‌లోనే వచ్చి ఉంటే మీ కాయలు కూడా అందులో ఎక్కేవి.