నల్లగానే వచ్చింది, మరి అయస్కాంతం ఎందుకు తేలలేదు?

ప్రశ్న: సార్, ప్రాజెక్టు కోసం యిట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్ అనే సూపర్ కండక్టర్ బిళ్ల చేశాం. బాగా చల్లబరిస్తే అది కరెంటును నిరోధం లేకుండా పంపాలి, పైన పెట్టిన అయస్కాంతాన్ని గాల్లో తేల్చాలి. అన్నీ జాగ్రత్తగానే తూచాం. రంగు నల్లగానే వచ్చింది. కానీ ద్రవ నైట్రోజన్ పోసి పైన అయస్కాంతం పెడితే తేలలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. తప్పు తూకంలోనా?
- ఎమ్మెస్సీ విద్యార్థిని, వరంగల్

జవాబు: తూకాన్ని అనుమానించకండమ్మా. యిట్రియం పరమాణువు 1కి బేరియం 2, రాగి 3 అనే పాళ్లు బాగా తప్పితే ఆకుపచ్చ మచ్చలు కనిపించేవి. మీరు ఒక్క సంగతి రాయలేదు. ఫర్నేస్ ఎలా చల్లార్చారు?

మీరు తూచలేనిది ఒకటుంది, ఆక్సిజన్. ఈ పదార్థంలో అదే లెక్కన ఆక్సిజన్ పరమాణువులు సగటున 6 నుంచి 7 దాకా ఎంతైనా ఉండొచ్చు. 950 డిగ్రీల వేడిలో ఆ ఏడోది చాలావరకు బయటికి పోతుంది, మెల్లగా చల్లారితేనే తిరిగి లోపలికి వస్తుంది. 6 దగ్గర ఉంటే ఒక రాగి పొరలో ఆక్సిజనే ఉండదు. స్ఫటికంలో పదేపదే వచ్చే చిన్న గడి పొడవు, వెడల్పు రెండూ 3.86 ఆంగ్‌స్ట్రామ్‌లే (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్ల వంతు). 7కి చేరువైతే ఆ పొరలో రాగి, ఆక్సిజన్, రాగి, ఆక్సిజన్ అంటూ ఒకే దిక్కున గొలుసులు కడతాయి. ఆ దిక్కు 3.89కి సాగుతుంది, రెండోది 3.82కి తగ్గుతుంది. ఆ గొలుసులు పక్క పొరల్లోని ఎలక్ట్రాన్లను లాక్కుంటేనే 92 కెల్విన్ల (మైనస్ 181 డిగ్రీల) దగ్గర సూపర్ కండక్టివిటీ వస్తుంది. ఆక్సిజన్ 6.6 దగ్గర ఆగిపోతే 60 కెల్విన్ల దాకా చల్లబరిస్తే గానీ రాదు. మీ ద్రవ నైట్రోజన్ 77 దగ్గర ఉంటుంది, అది చాలదు. బిళ్ల మాత్రం అప్పుడూ నల్లగానే ఉంటుంది!

1989లో నేనూ ఆఖరి బస్సు పోతుందని వేడి బిళ్లను పట్టకారుతో బయటికి తీసేశాను. మర్నాడు మినపగింజంత అయస్కాంతం దాని మీద రాయిలా కూర్చుంది. అదే బిళ్లను ఆక్సిజన్ పంపుతూ రాత్రంతా 450 డిగ్రీల దగ్గర ఉంచి, నిదానంగా చల్లార్చాం. ఈసారి అయస్కాంతం పైకి లేచింది. వేలితో తిప్పితే గాల్లోనే తిరిగింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు, అంత సంతోషం.

నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఇంకొకటుంది. 6.4 దగ్గరున్న బిళ్లను వేడి మీదే గబుక్కున చల్లార్చి గదిలో వదిలేస్తే, రోజులు గడిచేకొద్దీ అది సూపర్ కండక్టర్ అయ్యే ఉష్ణోగ్రత పెరుగుతుంది. కొత్తగా ఒక్క ఆక్సిజన్ కూడా చేరదు. ఉన్నవే చోటు మార్చుకుని గొలుసులు కడతాయి.

మీ బిళ్లను పారేయకండి. ముందు ఎక్స్‌రే డిఫ్రాక్షన్ గ్రాఫు (ఎక్స్‌రేలు స్ఫటికం నుంచి ఏ కోణాల్లో చెదిరి వస్తాయో చూపేది) తీయించి, 47 డిగ్రీల కోణం చుట్టుపక్కల చూడండి. 47.1 దగ్గర ఒకే శిఖరం ఉంటే ఆక్సిజన్ చేరలేదన్నమాట. అది 46.7, 47.5 దగ్గర రెండుగా చీలితే గొలుసులు కట్టినట్టే. ఆక్సిజన్‌లో కాల్చాక మళ్లీ తీయించి, రెండు గ్రాఫులూ నాకు పంపండి.