మేడ మీద వాన లెక్క

అమ్మలూ,

విశాఖలో మీ ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ పిల్లలతో ఈ వానాకాలం వాతావరణ ప్రయోగాలు చేయిస్తానని నువ్వు చెప్పినప్పటి నుంచి మనసంతా అక్కడే ఉంది. ముప్పై ఏళ్లు సైన్స్ చెప్పినదాన్ని, నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

యూట్యూబ్ చూసి రోజుకో కొత్త ప్రయోగం పెట్టకు. వాన కొలిచే డబ్బా ఒక్కటి పెట్టి, రెండు నెలలు వదలకుండా చూడనివ్వు. అడుగు చదునుగా, గోడలు నిట్టనిలువుగా, మూతి కూడా అంతే వెడల్పుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బా అయితే స్కేలుతో కొలిచిన మిల్లీమీటర్లే వాన లెక్క. మేడ మీద పిట్టగోడకీ ట్యాంకుకీ దూరంగా, గాలికి పడిపోకుండా ఇటుకల మధ్య పెట్టించు. నేను మొదటిసారి సన్‌షేడ్ అంచు కింద పెట్టాను. పైనుంచి కారిన నీళ్లూ అందులోనే పడి, పేపర్లో వేసినదానికి రెట్టింపు వచ్చింది. తప్పు పట్టుకున్నది ఏడో క్లాసు పిల్ల! ఆ రోజు ఎంత సంతోషపడ్డానో.

రోజూ ఉదయం 8:30కే కొలవండి, వాతావరణ శాఖ వాళ్లు చూసేదీ అప్పుడే. వాన లేని రోజు కూడా సున్నా అని రాయాల్సిందే. గాజువాకలో దంచికొట్టిన వాన మీ వీధిలో చినుకైనా రాల్చకపోవచ్చు, కాబట్టి పేపర్ లెక్కతో కలవలేదని దిద్దనివ్వకు. ఒక మిల్లీమీటరు వానంటే చదరపు మీటరుకి ఒక లీటరు. మేడ పొడవూ వెడల్పూ కొలిపించి, రాత్రి వానకి ఎన్ని బిందెల నీళ్లు కాలవ పాలయ్యాయో వాళ్ల చేతే కట్టించు.

వాన పడని రోజు స్టీలు గ్లాసులో ఐసు నీళ్లు పోసి పెట్టు. కాసేపటికి గ్లాసుకి చెమట పడుతుంది. "కారుతోంది టీచర్" అంటారు. కాదని చెప్పేయకు. లోపలి నీళ్లలో పసుపు కలిపి, బయటి చుక్కని తెల్ల గుడ్డతో అద్దించు. గుడ్డకి పసుపు అంటదు. మరి ఈ నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయని వాళ్లే నిన్ను అడుగుతారు. మన ఊళ్లో ఉప్పు డబ్బాలోకి చేరే చెమ్మ గురించి అప్పుడు మాట్లాడు.

ఎండ కాసిన రోజు ఒక పళ్లెంలో బీచ్ ఇసుక, ఇంకో దాంట్లో నీళ్లు పెట్టి, గంటకోసారి వేడి రాయించు. ఇసుక ముందే కాగిపోతుంది, సాయంత్రం ముందే చల్లారుతుంది. ఆ తర్వాత మధ్యాహ్నం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లి, కర్రకి రిబ్బను కట్టి పట్టుకోమను. సముద్రం మీంచి గాలి ఎందుకొస్తోందో ఇక పాఠం చెప్పక్కర్లేదు. నీళ్లలోకి మాత్రం దిగనివ్వకు.

గాలి దిక్కు కూడా రోజూ రాయించు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కన్ను, అంటే దాని నడిమి ప్రశాంత భాగం, మన మీంచి వెళ్లినప్పుడు గాలి కాసేపు ఆగి, మళ్లీ ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. దిక్కు ఎందుకు చూడాలో పెద్ద పిల్లలకి ఈ ఒక్క సంగతి చాలు.

ఉరుము వినిపిస్తే మేడ మీద ఎవరూ ఉండకూడదు, కొలత మర్నాడైనా పర్లేదు. కిటికీ లోపలి నుంచి మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టమను, మూడు సెకన్లకి సుమారు కిలోమీటరు దూరం.

ఇసుకలో పెట్టడానికి నా పాత ల్యాబ్ థర్మామీటరు పంపుతున్నాను. జ్వరం చూసేది పెట్టకండి, అది 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది.

మీ పెద్దమ్మ