ఇంగ్లిష్ మీడియంలో బీటెక్ చేసినా అమెరికాలో ఎంఎస్‌కి టోఫెల్ తప్పదా?

టోఫెల్ లాంటి ఏదో ఒక ఇంగ్లిష్ పరీక్ష చాలా చోట్ల తప్పదు. కొన్ని యూనివర్సిటీలు మాత్రం చదువు ఇంగ్లిష్‌లోనే సాగిందని కాలేజీ ఇచ్చే మీడియం ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ సర్టిఫికెట్ తీసుకుని మినహాయింపు ఇస్తాయి. దాన్ని కన్సల్టెన్సీ మాట మీద నమ్మకండి, అడ్మిషన్స్ ఆఫీసుకు మీరే మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి.

పరీక్ష రాయాల్సి వస్తే టోఫెల్, ఐఈఎల్‌టీఎస్, డ్యూలింగో మూడింట్లో ఏదైనా ఎక్కువ చోట్ల చెల్లుతుంది. డ్యూలింగో చవక, ఇంట్లోనే గంటలో అయిపోతుంది. కానీ అన్ని డిపార్ట్‌మెంట్లూ ఒప్పుకోవు, ముందే చూసుకోండి. స్కోరు రెండేళ్లే పనికొస్తుంది. 2026 జనవరి నుంచి టోఫెల్ స్కోరు 1–6 స్కేలుకు మారింది కాబట్టి పాత వీడియోల్లో చెప్పే 90, 100 లెక్కలు చూసి కంగారు పడొద్దు.

మొత్తం స్కోరు ఒక్కటే చూసుకుంటే సరిపోదు. టీచింగ్ అసిస్టెంట్‌షిప్ (క్లాసుల్లో ప్రొఫెసర్లకు సాయం చేసే పార్ట్‌టైమ్ పని) కావాలంటే చాలా యూనివర్సిటీలు స్పీకింగ్‌లో విడిగా ఎక్కువ స్కోరు అడుగుతాయి. ఫీజు భారం తగ్గేది ఆ అసిస్టెంట్‌షిప్‌తోనే, అందుకే మీ ప్రిపరేషన్‌లో ఎక్కువ టైమ్ స్పీకింగ్‌కే పెట్టండి.

రిజిస్ట్రేషన్‌లో పేరు అచ్చం పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. మార్కుల మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే పాస్‌పోర్టునే పాటించండి. తేడా ఉంటే సెంటర్‌లో లోపలికి రానివ్వకపోవచ్చు, కట్టిన ఫీజూ పోతుంది.