జర్మనీలో కరెంటు ఖరీదుకు గాలిమరలే కారణమా?

"జర్మనీలో కరెంటు అంత ఖరీదు కావడానికి సోలార్, గాలిమరలకు ఇచ్చే రాయితీలు, కార్బన్ ట్రేడింగే కారణమా?" అని అడిగారు. కొంత నిజమే. కానీ నిందంతా గాలిమరల మీద వేస్తే మాత్రం నేను ఒప్పుకోను.

మేం స్టుట్‌గార్ట్ దగ్గర ఉండేటప్పుడు, 2018 మొదట్లో అంతకుముందు ఏడాది లెక్క వచ్చింది. నెలనెలా కట్టింది పోను ఇంకా బాకీ ఉన్నామట. మా ఆవిడ గ్రైండర్‌ని అనుమానించింది. నేను బిల్లు పట్టుకుని సెల్లార్‌లోకి దిగి మీటరు చూశాను. రీడింగ్ సరిగ్గానే ఉంది, 2,500 యూనిట్లు. అప్పుడు బిల్లు లైను లైనూ చదివితే, రెన్యూవబుల్ సర్‌ఛార్జి యూనిట్‌కి 6.88 సెంట్లు. మొత్తం 172 యూరోలు! దాని మీద మళ్లీ 19 శాతం వ్యాట్. సర్‌ఛార్జి మీద పన్నేమిటో, తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

మెట్ల మీద ఇంటి ఓనరు ఎదురైతే బిల్లు చూపించాను. ఆ పెద్దాయన 2004లో పైకప్పు మీద ప్యానెళ్లు పెట్టించారు. యూనిట్‌కి 57.4 సెంట్లు, ఇరవై ఏళ్లు గ్యారంటీ. నేను 30 సెంట్లకు కొనే కరెంటును ఆయన 57కి అమ్ముతున్నారన్నమాట! "అప్పట్లో ప్యానెళ్ల ధరకి, ఆ రేటు ఇవ్వకపోతే ఎవరు పెట్టించేవారు?" అన్నారాయన. అదీ నిజమే. 2017లో కొత్తగా పెట్టించుకున్నవాళ్లకు దొరికింది సుమారు 12 సెంట్లే.

అసలు తిరకాసు వేరే ఉంది. గ్యారంటీ రేటుకూ మార్కెట్ ధరకూ ఉన్న తేడాయే ఈ సర్‌ఛార్జి. గాలి బాగా వీచి మార్కెట్లో కరెంటు చవకైతే, తేడా పెరిగి మా మీద భారం పెరిగేది. కరెంటు ఎక్కువగా వాడే పెద్ద ఫ్యాక్టరీలకేమో చవక ధరా దక్కేది, సర్‌ఛార్జిలో భారీ మినహాయింపూ దక్కేది. నా కోపం దీని మీదే.

ఇక కార్బన్ ట్రేడింగ్ అంటే, బొగ్గు, గ్యాస్ ప్లాంట్లు వదిలే ప్రతి టన్ను కార్బన్ డయాక్సైడ్‌కీ పర్మిట్ కొనాలి. ఆ పర్మిట్ 2017 మొదట్లో టన్ను 5 యూరోలుండేది, 2023 ఫిబ్రవరిలో 100 దాటింది. లిగ్నైట్ బొగ్గుతో వెయ్యి యూనిట్లు తీస్తే దాదాపు టన్ను కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే యూనిట్‌కి 10 సెంట్లు అక్కడే. పైగా మార్కెట్లో అవసరం తీరడానికి చివరగా నడిపే ఖరీదైన ప్లాంటు ధరే అందరికీ ధర. 2022లో ఆ ప్లాంటు చాలాసార్లు గ్యాస్‌దే.

ఆ ఏడాది జనవరిలో సర్‌ఛార్జి 3.72కి తగ్గింది, జూలై 1న సున్నా అయింది. ఆ ఖర్చు ప్రభుత్వ నిధిలోకి మారింది. కార్బన్ పర్మిట్లు అమ్మిన డబ్బు చేరేదీ అందులోకే. అయినా మా బిల్లు పెరిగింది, గ్యాస్ వల్ల. మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో మాత్రం అప్పుడూ గాలిమరలనే తిట్టారు.